కంపెనీ ఖాతాలో పడ్డ శుక్రవారం జీతం

ఆ శనివారానికి మా పెళ్లయి నూటఐదు రోజులు. రోజులు లెక్కపెడుతున్నానని గావిన్‌కి చెప్పలేదు, నవ్వుతాడని. అప్పట్లో నాకు ప్రతిదీ ముచ్చటగానే ఉండేది. బాత్రూంలో ఒకే కప్పులో ఆనుకుని నిలబడ్డ రెండు బ్రష్షులు, కింద మంగలి షాపు నుంచి మా అద్దె గదుల్లోకి ఎగబాకే పౌడరు వాసన, కరెంటు బిల్లు మీద "మిస్టర్ అండ్ మిసెస్ హాలమ్" అన్న అక్షరాలు. కరెంటు బిల్లుని ఫ్రిజ్‌కి అంటించుకుని మురిసిపోయిన ఆడది డెర్బీ మొత్తం మీద నేనొక్కతినే అయ్యుంటాను.

డెనీస్‌కి మాత్రం నన్ను చూస్తే ఒళ్లు మంట.

డెనీస్ గావిన్‌కి అక్క, వాడికన్నా తొమ్మిదేళ్లు పెద్ద. పదకొండేళ్లుగా గావిన్ కంపెనీ లెక్కలు రాస్తోంది. కంపెనీ అంటే పెద్దదేం కాదు. రైల్వే సిగ్నళ్ల నక్షాలు గీసే గావిన్ ఒకడు, నెలకి రెండువందల పౌండ్లు తీసుకుని వాడి కాగితాలు చూసే డెనీస్ ఒకతె. మా ఊళ్లో అందరిలాగే డెనీస్ కూడా ఎదురైన ప్రతివాళ్లనీ "బాతూ" అని ముద్దుగా పిలుస్తుంది. బస్సు డ్రైవర్ బాతు, మాంసం కొట్టు ముసలాయన బాతు, పక్కింటి పిల్లి కూడా బాతే. నేను మాత్రం ఫిలిప్పా. మా అమ్మ కూడా నన్ను పిప్పా అనే పిలుస్తుంది. పూర్తి పేరు పెట్టి పిలిచేది దంతవైద్యుడూ, డెనీసూ.

ఆ మధ్యాహ్నం ఆవిడ మమ్మల్ని తన వంటింట్లో కూర్చోబెట్టి, రెండు కాగితాలు బల్ల మీద పెట్టి, వాటి మీద కళ్లజోడు బరువుగా పెట్టింది.

"శుక్రవారం జనవరి ముప్పయ్యొకటి, పన్నులకి ఆఖరి రోజు," అంది. "గావిన్ సొంత పన్ను నాలుగువేల ఐదువందల అరవై ఒకటి. వచ్చే ఏడాదికి ముందస్తుగా సగం, రెండువేల రెండువందల ఎనభై. కంపెనీ పన్ను కూడా అదే వారంలో కట్టాలి, ఎనిమిదివేల మూడువందల తొమ్మిది. అన్నీ కలిపి పదిహేనువేల నూటయాభై."

గావిన్ ముఖం తెల్లబడింది. నాదేమైందో నాకు తెలీదు.

మా దగ్గరున్నది పదహారువేల ఐదువందలు. అది ఇంటి కోసం దాచుకున్నది. డఫీల్డ్ రోడ్డు వెనక సందులో వరసిళ్లలో చివరిది. పెరట్లో ఒక పియర్ చెట్టు, వంటింటి కిటికీ పక్కన గోడలోనే చిన్న అర. ఆ అరలో ఏం పెట్టాలో అప్పటికే నాలుగుసార్లు నిర్ణయించుకుని నాలుగుసార్లు మార్చుకున్నాను. ధర లక్షా అరవై ఐదువేలు. అందులో పదోవంతు మేం ముందు కట్టాలి, మిగతాది బ్యాంకు ఇస్తుంది. సంతకాలకి ఫిబ్రవరి పద్నాలుగు గడువు. అది దాటితే ఇంకెవరికో అమ్మేస్తానని ఇంటాయన ముందే చెప్పాడు.

"అంటే ఇల్లు..." అన్నాను.

"ఇల్లు కాళ్లొచ్చి పారిపోదు, ఫిలిప్పా. పన్నువాళ్లకి మాత్రం ఓపిక ఉండదు," అంది డెనీస్. "ఏడాది పొడుగునా కంపెనీ నుంచి తీసుకుంటూనే ఉన్నారు. పెళ్లి, ఉంగరాలు, గుర్రబ్బండి!"

"గుర్రబ్బండి కాదు. మా బాబాయ్ ట్రాక్టరు. ఊరికే తెచ్చాడు."

"దానికి కట్టిన పూలు?"

"నర్సరీలో పనిచేస్తున్నాను, డెనీస్. పూలు నాకు సగం ధరకే వస్తాయి."

"మిగతా సగం మా తమ్ముడు కట్టాడుగా!"

గావిన్ మా ఇద్దరి మధ్యా కూర్చుని టీ కప్పులోకి చూస్తున్నాడు. సిగ్నళ్ల పనిలో ఏ రెండు రైళ్లు ఒకే పట్టా మీదికి రాకుండా చూడటం వాడి బాధ్యత. ఇంట్లో ఆ తెలివి ఎక్కడికి పోతుందో.

ఆదివారం పొద్దున గావిన్ ఓట్‌కేకులు పెనం మీద వేడిచేస్తూ, మధ్యలో బేకన్ పెట్టి మడుస్తూ ఏదో కూని రాగం తీస్తున్నాడు. దిగులుగా ఉన్నప్పుడు బాగా వండుతాడు. నేను సోఫాలో కాళ్లు ముడుచుకుని వాడి ఫోను తీసుకున్నాను.

"నీ పేస్లిప్‌లు చూడనా?"

"దేనికి?"

"ఊరికే. ఇన్ని రోజుల్నించీ నీ గురకలు వింటున్నాను. ఇవి కూడా చదువుదామని."

"నీ ఇష్టం. నేనెప్పుడూ తెరవలేదు. శుక్రవారం డబ్బు పడుతుంది, అంతే కదా."

నిజంగానే తెరవలేదు. ఏడాదిన్నరవి వరసగా, ఒక్కటీ విప్పని ఉత్తరాల్లా ఉన్నాయి.

ఆ ఏడాదిన్నర సంగతి ఇది. గావిన్ పదేళ్లు తన లిమిటెడ్ కంపెనీ పేరు మీదే పనిచేశాడు. కంపెనీ బిల్లు పంపేది, కంపెనీకి డబ్బు వచ్చేది. తర్వాత, పనిచ్చే పెద్ద సంస్థ ఇక సొంత కంపెనీలవాళ్లు వద్దంది. అంబ్రెల్లా కంపెనీ ద్వారా వస్తేనే రమ్మంది. అంటే మధ్యలో ఇంకో కంపెనీ గావిన్‌ని జీతగాడిగా పెట్టుకుంటుంది. పన్ను ముందే కోసేసి మిగిలింది శుక్రవారం చేతిలో పెడుతుంది. వాడి సొంత కంపెనీ మాత్రం మూతపడలేదు. శనాదివారాల్లో పాత ఆవిరి రైళ్లు నడిపేవాళ్లకి నక్షాలు గీసేది దాని మీదే. ఆ కంపెనీ కూడా వాడికి చిన్న జీతం ఇస్తుంది.

మొదటి పేస్లిప్ తెరిచాను. జీతం ఇంత. పన్ను ఇంత. బీమా కోత ఇంత. చేతికి వచ్చేది ఇంత. ఆ కింద, ఏ ఖాతాలో వేశారో చివరి నాలుగంకెలు: 8063.

8063 మాది కాదు. మా ఇద్దరి ఖాతా నంబరు నాకు నిద్రలో లేపినా వస్తుంది, ఆ బ్యాంకు కాగితం కూడా ఫ్రిజ్ మీదే ఉంది కనుక. డెనీస్ ఇచ్చిన కాగితాలు తీసి చూశాను. పైన, కంపెనీ పేరు కింద, ఖాతా నంబరు. చివర 8063.

"గావిన్. నీ జీతం మీ కంపెనీ ఖాతాలో ఎందుకు పడుతోంది?"

"ఎప్పుడూ అక్కడే పడుతుందిగా."

"ఇది జీతం గావిన్! బిల్లు డబ్బు కాదు! వీళ్లు పన్ను కోసేశాక ఇచ్చింది!"

వాడు పెనం పట్టుకునే నా వైపు తిరిగాడు. డెనీస్ కాగితాల్లో "రాబడి" అన్న చోట ఒక వరసంతా శుక్రవారాలే. పన్ను కట్టిన జీతాన్ని కంపెనీ సంపాదనగా రాసింది. దాని మీద కంపెనీ పన్ను వేసింది. గావిన్ ఆ డబ్బు ఇంటికి తెచ్చుకుంటే దాన్ని లాభంలో వాటా అని రాసి, వాటా మీద మళ్లీ పన్ను. ఒకే శుక్రవారానికి మూడు కోతలు.

నేను సోఫా మీద ఎగిరి గంతేశాను. బేకన్ ముక్క ఒకటి కింద పడింది. తీసి తినేశాను కూడా. పియర్ చెట్టు నాకు తిరిగి దొరికింది. దాంతోపాటు, దాచడమెందుకు, డెనీస్ మీద పగ తీర్చుకునే రోజు కూడా దొరికింది.

ఆదివారం మధ్యాహ్నం డెనీస్ ఇంట్లో గొడ్డుమాంసం రోస్టు, యార్క్‌షైర్ పుడ్డింగు. అది తప్పితే కుటుంబం నుంచి వెలివేసినట్టే. నేను ఫోనునీ, అచ్చు తీసిన ఐదు పేస్లిప్‌లనీ గ్రేవీ గిన్నె పక్కన పెట్టాను.

"ఇవి చదవడం వచ్చా నీకు?"

డెనీస్ కత్తి కింద పెట్టింది. "ఏంటమ్మాయ్, ఆ గొంతేంటి?"

"పదకొండేళ్లు నెలకి రెండువందలు తీసుకున్న గొంతు నీది. అందుకే అడుగుతున్నా. పన్ను కట్టేసిన జీతాన్ని కంపెనీ రాబడని రాశావు. మా ఇల్లు నీ కలం కింద పడి నలిగిపోయేది."

"పిప్పా..." అన్నాడు గావిన్.

"నువ్వు ఆగు. నిన్న గుర్రబ్బండి అని నన్ను దెప్పింది. ట్రాక్టర్ని గుర్రబ్బండి అనే మనిషికి జీతానికీ రాబడికీ తేడా ఏం తెలుస్తుంది?"

డెనీస్ పేస్లిప్‌లు తీసుకుంది. ఒక్కొక్కటే, నిదానంగా, వేలితో గీత గీస్తున్నట్టు చదివింది. మెడ దగ్గర ఎర్రగా మచ్చలు పొడుచుకొచ్చాయి. ఆ మచ్చల్ని చూసి నేను సంతోషించాను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ సంతోషించాను.

తర్వాత ఆవిడ లేచి బీరువాలోంచి ఒక పెట్టె తీసింది. అందులోంచి, ఏ తడుములాటా లేకుండా, ఒకే ఒక్క కాగితం తీసి నా ముందు పెట్టింది. అచ్చుతీసిన ఈమెయిల్. తారీఖు ఏడాదిన్నర కిందటిది.

*గావిన్, శుక్రవారం ఎవరో కొత్తవాళ్ల నుంచి డబ్బొచ్చింది. బిల్లు ఏదీ నా దగ్గర లేదు. ఇదేంటి?*

కింద మా ఆయన జవాబు.

*అవే డబ్బులు. అదే పని, అదే కుర్చీ. ఎప్పట్లాగే రాసెయ్యి.*

గ్రేవీ మీద మీగడ కట్టింది. ఎవరూ దాన్ని కలపలేదు.

"రెండోసారి కూడా అడిగాను," అంది డెనీస్. "పోయిన జూన్‌లో. వాడు బొటనవేలు బొమ్మ పంపాడు. అచ్చు తీశాను, కావాలంటే చూపిస్తా."

"ఖాతా నంబరు ఎవరిచ్చారు వాళ్లకి?" నేను గావిన్‌ని అడిగాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

"నేనే. ఫారంలో అడిగారు. నాకు కంఠతా వచ్చిన నంబరు అదొక్కటే," అన్నాడు. తల ఎత్తలేదు. "పదేళ్లు రాసిన నంబరు."

"కుర్చీ మారలేదు కనుక ఏదీ మారలేదనుకున్నాడు మహానుభావుడు," అంది డెనీస్. "రైళ్లు ఢీకొట్టుకోవటల్లేదంటే ఆశ్చర్యంగా ఉంది. సరే. నేను కూడా బిల్లు చూడకుండా రాశాను. అది నా తప్పు. నీ తప్పు కాదు, ఫిలిప్పా. నీ తప్పు వేరే."

"ఏంటది?"

"నువ్వు గెలవడానికి వచ్చావు. సరిచేయడానికి కాదు."

క్షమించమన్నాను. ఆవిడ నా వైపు చూసి, "నీ క్షమాపణ చల్లారిన గ్రేవీలా ఉంది," అని పళ్లాలు తీసేసింది.

తిండి బల్ల మీదే లెక్క మళ్లీ మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని అంకెలు చదివాను, ఆవిడ రాసింది. మేమిద్దరం ఒకే కాగితం మీదికి వంగడం అదే మొదటిసారి. ఆవిడ మోచెయ్యి నాకు తగిలినప్పుడల్లా వెనక్కి లాక్కుంది.

శుక్రవారాల డబ్బు రాబడిలోంచి పోయింది. కంపెనీ లాభం రెండువేలకి దిగింది. కంపెనీ పన్ను ఎనిమిదివేల మూడువందల నుంచి మూడువందల ఎనభై అయింది. గావిన్ తెచ్చుకున్నది లాభంలో వాటా కాదు. తన జీతాన్ని కంపెనీలో దాచి, దాన్నే వెనక్కి తీసుకున్నాడు. ఆ పన్నూ పోయింది. ఒక్కో గీత కొట్టేస్తుంటే నాకు లోపల ఒక్కో కిటికీ తెరుచుకుంటున్నట్టుంది.

"ఏడాది చివర అంబ్రెల్లా వాళ్లిచ్చే కాగితం ఉండాలి," అంది డెనీస్. "పి సిక్స్టీ. మొత్తం జీతం, మొత్తం కోసిన పన్ను అందులో ఉంటాయి."

ఫోనులో వెతికి ఇచ్చాను. జీతం యాభై ఆరువేలు. పన్ను తొమ్మిదివేల ఎనిమిదివందల ముప్పై రెండు. ఆవిడ అంకెల కన్నా ముందు మూలన ఉన్న పన్ను కోడ్ చూసింది. 1257ఎల్. తర్వాత తన ఫైలు తీసి గావిన్‌కి సొంత కంపెనీ ఇచ్చే పన్నెండువేల ఐదువందల డెబ్భై జీతం కాగితం చూసింది. అక్కడ కూడా 1257ఎల్.

"ఓరి దేవుడా," అంది. ఆ మాట ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు.

"ఏమైంది?"

"ప్రతి మనిషికీ మొదటి పన్నెండువేల ఐదువందల డెబ్భైకి పన్నుండదు. ఏడాదికి ఒక్కసారి. ఆ కోడ్‌కి అర్థం అదే. వీడికి రెండు చోట్లా ఇచ్చేశారు. రెండు ఉద్యోగాలున్నాయని ఎవరికీ చెప్పలేదు వీడు. ఒకదాని మీద పన్ను వెనక్కి కట్టాలి, పై రేటులో, నలభై శాతం." కలం కదిలింది. "ఐదువేల ఇరవై ఎనిమిది."

మా పదోవంతు మళ్లీ విరిగిపోయింది. పదహారున్నర వేలలోంచి ఐదువేల నాలుగువందలు తీసేస్తే మిగిలేది పదకొండువేల చిల్లర. పియర్ చెట్టు ఎవరిదో అయిపోయింది.

అప్పుడు నేనన్న మాట నేనే అన్నాను, వేరే ఎవరి మీదా పెట్టను. "డెనీస్, ఈ పి సిక్స్టీ పెట్టకపోతే? దాని మీద పన్ను ముందే కట్టేశాంగా. శుక్రవారాలు రాబడిలోంచి తీసేద్దాం, ఇదొక్కటీ..."

"సగం నిజం రాయమంటావు."

"మనకి అన్యాయం చేసిన సగమే సరిచేద్దామంటున్నా."

డెనీస్ కలానికి మూత పెట్టింది. "నా పుస్తకాల్లో తప్పు ఉండొచ్చు, అమ్మాయ్. ఇవాళ రుజువు చేశావుగా. తెలిసి రాసిన అబద్ధం మాత్రం ఒక్కటి లేదు. నీకలా కావాలంటే ఇంకెవరి చేతనైనా రాయించుకో. కానీ ఆ రాసేవాడు వీడి చేత సంతకం పెట్టిస్తాడు, నీ చేత కాదు. గుర్తుపెట్టుకో."

ఇద్దరం గావిన్ వైపు తిరిగాం. వాడు పేస్లిప్‌ల దొంతర ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మొదటిసారి వాటిని చదువుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

"పెట్టెయ్యి," అన్నాడు. "మొత్తం పెట్టెయ్యి."

"గావిన్, ఇల్లు..."

"పిప్పా, ఏడాదిన్నర ఏదీ చూడకుండా సంతకాలు పెట్టాను. చూశాక కూడా అబద్ధానికి పెట్టనా?"

డెనీస్ ల్యాప్‌టాప్‌లో అన్నీ నింపింది. వచ్చే ఏడాది ముందస్తు వాయిదా తీసెయ్యమని అడిగే గడి కూడా నింపి, "సోమవారం పన్ను శాఖకి ఫోను చేసి కోడ్ మార్పించుకో," అంది. గావిన్ ప్రతి గడీ పైకి చదివాడు. ప్రతి గడికీ "ఇదేంటి?" అన్నాడు. ముప్పావుగంట పట్టింది. చివరికి మీట నొక్కాడు.

అప్పుడు డెనీస్ బీరువాలోంచి పదకొండు ఫైళ్లు తీసి నా చేతుల్లో పేర్చింది, గడ్డం దాకా.

"ఇవాళ్టితో సరి. ఇక నువ్వు చూసుకో. చదవడం బాగా వచ్చుగా నీకు."

"డెనీస్, నేనలా అనలేదు..."

"అన్నావు. గ్రేవీ పక్కన కూర్చుని అన్నావు. తలుపు నెమ్మదిగా వేసుకో, గాలికి కొట్టుకుంటుంది."

మంగళవారం బ్యాంకు అప్పులు చూసే మనిషికి ఫోను చేశాను. ఏడవకూడదనుకుని పెన్సిల్ కొరుకుతూ మాట్లాడాను. మా దగ్గర పదోవంతు లేదన్నాను.

"ముందు ఐదు శాతమే కట్టినా అప్పు ఇస్తాం," అన్నాడాయన. "వడ్డీ ఎక్కువ పడుతుంది. దానికైతే జీతమే లెక్కలోకి తీసుకుంటాం. సొంత కంపెనీ లాభాలు ఒప్పుకోం. మీ ఆయనకి జీతం ఎంత?"

డెనీస్ మొదట రాసిన కాగితం ప్రకారమైతే పన్నెండువేల ఐదువందల డెబ్భై. నేను పెన్సిల్ నోట్లోంచి తీశాను.

"అరవై ఎనిమిదివేల ఐదువందల డెబ్భై. పి సిక్స్టీ ఉంది."

"పన్ను శాఖకి పంపిన లెక్కలో కూడా అదే ఉందా?"

"ఉంది," అన్నాను. "ఆదివారం పంపాం."

"రెండూ పంపండి. రెండూ ఒకటే చెబితే చాలు."

రెండూ ఒకటే చెప్పాయి. ఫిబ్రవరి పదమూడున సంతకాలయ్యాయి. వడ్డీ నెలకి నూటపది పౌండ్లు ఎక్కువ. కొత్త పొయ్యి లేదు, కార్పెట్ లేదు, మేడమీద గదిలో మంచం కూడా లేదు. పరుపు నేలమీదే. నేలమీద పడుకుంటే కిటికీలోంచి పియర్ చెట్టు కొమ్మ సరిగ్గా మధ్యలో కనిపిస్తుందని అప్పుడే తెలిసింది. మంచం కొన్నా కొన్నాళ్లు అలాగే పడుకుందామన్నాను.

డెనీస్ గృహప్రవేశానికి రాలేదు. పిలుపు కార్డుకి జవాబు కూడా పంపలేదు.

మార్చి చివర్లో ఒక పొద్దున మా సందు మొదట్లో బస్సు ఆగింది. నేను చెత్తడబ్బా బయట పెడుతున్నాను. డెనీస్ దిగింది. సంచి చూస్తే సంతకి వెళ్తున్నట్టుంది.

"థాంక్యూ బాతూ," అంది డ్రైవర్‌తో, మెట్టు మీంచి.

నన్ను చూసింది. వెనక్కి తిరిగి వెళ్లిపోతుందేమో అనుకున్నాను. వెళ్లలేదు. మా ఇంటి వైపు, గోడ మీంచి కనిపించే కొమ్మల వైపు ఒకసారి చూసింది.

"ఆ చెట్టుకి తెగులుంది," అంది.

"తెలుసు. నేను నర్సరీలో పనిచేస్తాను."

"మందు కొట్టావా?"

"ఆకులు రానీ."

సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "ఫిలిప్పా. శుక్రవారం పేస్లిప్ చదువుతున్నాడా వాడు?"

"పైకి చదువుతున్నాడు. పొద్దున్నే, టీ తాగుతూ. నన్ను కూడా వినమంటున్నాడు."

"కోడ్?"

"కంపెనీ జీతం మీద మార్చారు. ఇప్పుడు ఒక్కచోటే ఉంది."

"ఖాతా?"

"మాది. చివర 2291."

డెనీస్ తల ఆడించింది. నంబరు సరిపోయిందో లేదో మనసులో ఎక్కడో చూసుకుంటున్నట్టు. తర్వాత ఇంకేమీ అనకుండా సంత వైపు నడిచింది. మూల మీద మా పక్కింటి పిల్లి ఆవిడ కాళ్లకి అడ్డం పడింది.

"పక్కకి జరుగు, బాతూ," అంది దాంతో.